రెండు డబ్బాలు, ఒక గోడ

ఆ స్పీకర్లు మాకు హర్రాజులో దొరికాయి.

నయాపూల్ దాటి కొంచెం లోపలికి పోతే ఒక హర్రాజు దుకాణం ఉండేది. పాత దేవిడీలు అమ్ముడుపోతున్న రోజులవి. పెద్దపెద్ద ఇళ్ల సామానంతా అక్కడికి వచ్చి వేలానికి పడేది. నిలువుటద్దాలు, ఆగిపోయిన గడియారాలు, కాళ్లు విరిగిన సోఫాలు. మా తమ్ముడు పెంటయ్య ఆ దగ్గరలోనే ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. ఇంటికి ఒక అలమారా కావాలి, అక్కడైతే చవకగా వస్తుందని వాడే నన్ను వెంటబెట్టుకొని పోయాడు.

అలమారా సంగతి నేను మరిచిపోయాను. గోడవారగా రెండు చెక్క డబ్బాలు ఉన్నాయి. ఒక్కొక్కటి నా నడుము ఎత్తు. టేకు చెక్క, ముందు గోధుమరంగు గుడ్డ. ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి. నడుమ నేల మీద రికార్డు మిషను. దుకాణం ముసలాయన రికార్డు మీద ముల్లు పెట్టాడు. ఖవ్వాలీ. నేను నిలబడి వింటుంటే భుజం పట్టి ఒక స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"బైఠో మియా. ఖడే ఖడే క్యా సున్తే?"

కూర్చున్నాను. హార్మోనియం ఎడమ డబ్బాలోంచి వస్తోంది. చప్పట్లూ, వంత పాడేవాళ్లూ కుడి డబ్బాలో. పాడే ఆయన మాత్రం ఏ డబ్బాలోనూ లేడు. రెండింటి నడుమ, ఏమీ లేని చోట, చాప వేసుకొని కూర్చున్నట్టు ఉన్నాడు. మాటకూ మాటకూ నడుమ ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. పక్కకు వంగితే ఆయనా పక్కకు పోయాడు. మళ్లీ సరిగ్గా కూర్చుంటే తిరిగి వచ్చాడు.

"ఏందన్నా, ఊగుతున్నవ్?" అన్నాడు పెంటయ్య. వాడు గడప దగ్గర అలమారాల బేరంలో ఉన్నాడు.

"ఇవి కొందాం."

"అలమారా?"

"ఇవి."

నేను ఎన్నడూ ఏదీ అడిగేవాణ్ణి కాదు. అందుకే కాబోలు వాడు కాదనలేదు. ఇద్దరి జేబులూ దులిపాము. రెండు రిక్షాలు పిలిచి, రికార్డు మిషనూ రికార్డులూ నా కాళ్ల దగ్గర పెట్టుకొని, తలా ఒక డబ్బాను వాటేసుకొని కిషన్‌బాగ్ చేరాము. దారి పొడుగునా వెనక రిక్షాలోంచి వాడు అరుస్తూనే ఉన్నాడు.

"అన్నా, అలమారా ఏదని వదినె అడిగితె నువ్వే చెప్పాలె! నన్ను లాగకు!"

వదినె అంటే నా భార్య రాజమణి. అడిగింది. నేను చెప్పలేదు. వాడే చెప్పాడు, కొంచెం కలిపి కూడా చెప్పాడు.

నేను కంచన్‌బాగ్‌లో ఒక కార్ఖానాలో ఖలాసీని. ఇనుము కరిగే చోట పని. అక్కడ మాట వినబడదు, అంతా చేతి సైగలే. షిఫ్టు దిగి ఇంటికి వచ్చినా ఆ మోత చెవుల్లోంచి పోదు. ఎవరు మాట్లాడినా మోత మీద మోత. కాళ్లు కడుక్కొని, ముందు గదిలో చాప వేసుకొని ఒక రికార్డు పెట్టేవాణ్ణి. ఆ మూల ఒక డబ్బా, ఈ మూల ఒక డబ్బా, చాప సరిగ్గా నడుమ. పెద్దగా పెట్టేవాణ్ణి కాదు. ఢోలక్ మీద వేలు పడితే చాప కింద నేల కొంచెం కదిలేది, అంతే. పాట అయ్యేసరికి చెవుల్లో మోత ఉండేది కాదు. మందూ మాకూ చెయ్యని పని అది.

ఇంట్లో ఇది ఇంకెవరికీ ఎక్కలేదు. రాజమణి ఒక డబ్బా మీద తడి చీర ఆరేసేది. పెంటయ్య భార్య లీలమ్మ రెండో దాని మీద పచ్చడి జాడీలు పెట్టేది. చీర తీసి, జాడీలు దించి, అప్పుడు పాట.

"మా బావ పాట ఇనేటందుకు ముందు ఇల్లంత సదురుడే అయితది" అని లీలమ్మ నల్లా దగ్గర చెప్పి అందరినీ నవ్వించేది.

కొన్నాళ్లకు దుబాయి పోయి వచ్చినవాళ్లతో టేప్ రికార్డర్లు దిగాయి. పెంటయ్య కూడా ఒకటి సంపాదించాడు. టిఫిన్ డబ్బా కంటే కొంచెం పెద్దది.

"సూడన్నా, గింతే ఉన్నది, ఎంత పాట అస్తున్నదో! నీవి రెండు బీరువలు. గిది సంకల వెట్టుకొని యాడికన్న పోవచ్చు."

"పో" అన్నాను.

నవ్వాడు. వాడితో చిక్కే అది, ఏమన్నా నవ్వుతాడు. టేప్ రికార్డర్ పాడుతుంది, కాదనను. అందులో మనుషులంతా ఒకరి మీద ఒకరు ఎక్కి కూర్చొని, ఎవరికీ ఊపిరాడకుండా పాడుతున్నట్టు ఉంటుంది.

పిల్లలు ఎదిగారు. ఇల్లు ఇరుకైంది. రెండు పొయ్యిలు పడ్డాయి. కొట్లాట ఏమీ లేదు. పంచుకుందామని పెంటయ్య అన్నాడు, సరే అన్నాను. మా మేనమామ వైకుంఠం పెద్దమనిషిగా వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. పంపకానికి మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. సామానంతా వాకిట్లోకి తేవాలి. పెద్దవాడు రెండు కుప్పలు పెట్టాలి. చిన్నవాడు అందులో తనకు నచ్చిన కుప్ప తీసుకోవాలి. ఇట్లా చేస్తే ఎవరికీ అన్యాయం జరగదంటారు.

కుప్పలు పెట్టాను. రెండు స్పీకర్లూ రికార్డు మిషనూ ఒక కుప్పలో. రాగి గంగాళం, ఇత్తడి పళ్లాలు, కుట్టు మిషను, గట్టి సామానంతా అవతలి కుప్పలో. వాడు ఇత్తడి చూసి అటే పోతాడని నాకు తెలుసు.

వాడు అటు అడుగు వేశాడు కూడా. వైకుంఠం మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగుండ్రి. గివేంది, రెండు ఒక్క తీరుగనే ఉన్నయి?"

"స్పీకర్లు" అన్నాను.

"జోడీ సామాను రెండు దిక్కుల పడాలె గద అల్లుడా. బిందెలు అటొకటి ఇటొకటి. మంచాలు అటొకటి ఇటొకటి. మరి గివి రెండు ఒక్క కాడనే ఎట్ల వెడ్తివి?"

"రెండు కలిస్తెనే పని, మామా."

"ఎద్దులా, కాడి కట్టనీకె?"

వాకిలంతా నవ్వింది.

"ఒక్కటైతే పాడదా?" అని అడిగాడు మామ.

"పాడుతది. గని..."

"పాడుతదని ఆయననే అంటున్నడు! ఇగ లొల్లేముంది?"

చెప్పాల్సింది ఇంకా ఉంది. రెండూ ఉంటేనే నడుమ మనిషి వచ్చి కూర్చుంటాడని చెప్పాలి. వాకిలి నిండా చుట్టాలు. ఆ మాట పైకి అంటే ఎట్లా ఉంటుందో లోపల ఒకసారి అనుకొని చూశాను. ఈలోగా మామ ఒక డబ్బాను అవతలికి జరిపించాడు. దానికి బదులు గంగాళం ఇటు వచ్చింది. ధర్మంగా ఉందన్నారు అందరూ. పెంటయ్య కుట్టు మిషను ఉన్న కుప్ప తీసుకున్నాడు. రికార్డు మిషను నాకు మిగిలింది.

తర్వాత ముందు గదికి నిలువునా అడ్డుగోడ లేచింది. ఒక ఇటుక మందం.

నా డబ్బాను మిషనుకు తగిలించి రికార్డు పెట్టాను. హార్మోనియం ఉంది. పాడే ఆయనా ఉన్నాడు, కాని హార్మోనియం వెనక ఇరుక్కొని. ఒక మాట అని ఆగుతాడు. వంతవాళ్లు అందుకోవాలి. ఎవరూ అందుకోరు. చప్పట్లు లేవు. మళ్లీ ఆయనే మొదలు పెడతాడు, మళ్లీ ఆగుతాడు. వైరు తీసి మిషను వెనక రెండో రంధ్రంలో గుచ్చాను. ఇప్పుడు వంతవాళ్లు ఉన్నారు, చప్పట్లు ఉన్నాయి, హార్మోనియం లేదు. పాటను ఎవరో రంపం పెట్టి నిలువునా కోసినట్టు ఉంది.

"పాడుతున్నది గద. మొకం ఎందుకు గట్ల వెట్టినవ్?" అంది రాజమణి.

"సగమే ఉన్నది."

"నాకైతే సరిపోయింది. ఇంకింత తగ్గినా మంచిదే."

పెంటయ్య ఇంటికి పోయాను. పోవడమంటే నా గడప దిగి, వీధిలో నాలుగడుగులు వేసి, వాడి గడప ఎక్కడమే. నా రెండో డబ్బా గోడవారగా ఉంది. దాని మీద బియ్యం డబ్బా. బియ్యం డబ్బా మీద టేప్ రికార్డర్, పాడుతూ.

"ఆ స్పీకరు నాకియ్యి" అన్నాను.

"ఎందుకన్నా?"

"ఇయ్యి."

"అరె, ఎందుకో చెప్తె గద."

"గంగాళం తీస్కో."

గంగాళం పేరు ఎత్తగానే వాడి కళ్లు మారాయి. బట్టల దుకాణంలో పనిచేసేవాడు. కొనేవాడే తనంతట తాను ధర పెంచితే గుడ్డ ఇంకోసారి తిప్పి చూసుకుంటాడు.

"ఏమే, ఇన్నవా? అన్న గంగాళం ఇస్తడట! ఉత్త చెక్క డబ్బకు!"

లీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గంగాళమా? గంత ఇలువైందైతె మనమే ఉంచుకుందాం. ఏమనుకోకు బావా, దాని మీద వెట్టినసంది బియ్యానికి చీమలు గూడ పడ్తలెవ్వు."

మర్నాడు పెంటయ్య హర్రాజు దుకాణానికి పోయి అడిగి వచ్చాడు. తిన్నగా నా గడప దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

"ముసలాయన ఏమన్నడో ఎర్కేనా? గిసొంటియి ఇప్పుడు ఎవ్వరు చేస్తలేరట. జోడీ ఉంటె పట్కరమ్మన్నడు, పట్టుకపోయెటోళ్లు మస్తు మంది ఉన్నరట. ఒక్కటే ఉంటె పొయ్యిల వెట్టుకోమన్నడు."

"మరి ఇయ్యి."

"నేనెందుకియ్యాలె? నాది లేకుంటె నీది కట్టె. నీది లేకుంటె నాది కట్టె. నువ్వే నాకియ్యరాదు?"

నవ్వుకుంటూ పోయాడు. నాకు చెంబు విసిరేయాలనిపించింది.

ఆ చలికాలమంతా సగం పాటలే విన్నాను. ఒక రోజు ఎడమ సగం, ఒక రోజు కుడి సగం. తర్వాత అదీ మానేసి మిషను మీద గుడ్డ కప్పాను. గోడ ఒక ఇటుక మందమే కదా, అవతల టేప్ రికార్డర్ నా గదిలో బాగా వినబడేది. దాని కిందనే, బియ్యం డబ్బా కింద, నా స్పీకరు నోరు మూసుకొని కూర్చుంది. షిఫ్టు నుంచి వచ్చి, చెవుల్లో మోతతో, గోడకు ఆనుకొని ఆ గరగర వింటూ కూర్చునేవాణ్ణి. మంచి నిద్ర పోయి ఎన్నాళ్లయిందో.

ఒక ఆదివారం పొద్దున ఇక ఓపిక లేకపోయింది. నా డబ్బాను వాటేసుకొని లేపాను.

"ఏమయ్యా, దాన్నెత్తుకొని ఎటు వోతున్నవ్?" రాజమణి చీపురుతో అడ్డం వచ్చింది.

"పెంటయ్యకు."

"అమ్మినవా?"

"ఇస్తున్న."

"ఊకెనే? మన పాలుకొచ్చింది ఊకెనే ఇస్తవా? రేపు నల్లా కాడ లీలమ్మ నన్ను జూసి నవ్వదా? బిందె ఇయ్యి, మంచం ఇయ్యి, నన్ను గూడ ఇచ్చి రా!"

డబ్బాతోనే పక్కకు తప్పుకొని గడప దిగాను.

పెంటయ్య పళ్లు తోముకుంటున్నాడు. డబ్బాను వాడి గదిలో దించాను.

"రెండు నీ దగ్గరనే ఉంచుకో. ఒక్క కాడ ఉండనీ. అమ్ముకోకు."

వాడు వేపపుల్ల నోట్లోనే పెట్టుకొని డబ్బా చుట్టూ తిరిగాడు. వెనక చూశాడు. వేలితో కొట్టి చూశాడు.

"ఏమైంది దీనికి? ఎలుక కొరికిందా?"

"లే."

"లోపట కాలిందా?"

"లే."

"మరేంది? మంచిగున్నదాన్ని ఎవడన్న ఇస్తడా?"

"ఊకె ఇచ్చింది ఊకె తీస్కోవద్దంటరు" అంది లీలమ్మ వెనక నుంచి. అంటూనే డబ్బా మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

సాయంత్రం ఎట్లా పెట్టారో చూద్దామని పోయాను. ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. అన్నిటికంటే పైన బియ్యం డబ్బా. లీలమ్మ స్టూలు ఎక్కి, ఒక చేత్తో గోడ పట్టుకొని బియ్యం తీస్తోంది.

"గట్ల గాదు" అన్నాను.

"మరెట్ల?"

"అటొకటి, ఇటొకటి."

"ఆ మాట మామ ఎన్నడో చెప్పిండు గదన్నా!" పెంటయ్య పడీపడీ నవ్వాడు.

నేనే దించాను. నేనే జరిపాను. ఒకటి తలుపు పక్కన, ఒకటి లోపలి మూల. సగం గదిలో అంతకంటే దూరం దొరకలేదు. ఇక మిషను తేవాలి. అక్కడ రాజమణి కూర్చుంది. గడపలో, అడ్డంగా.

"డబ్బ పాయె. మిషను గడప దాటిందంటె నేను గూడ దాటుత. ఆలోచించుకో."

ఆలోచించాను. మిషను నా ఇంట్లోనే ఉండాలి, స్పీకర్లు వాడింట్లో. అంటే గోడకు రంధ్రం చేసి వైర్లు అటు పంపాలి. నా ఉలీ సుత్తీ తీశాను.

"గోడ ఇద్దరిదన్నా" అన్నాడు పెంటయ్య. "నువ్వొక్కనివే బొక్క వొడిస్తె రేపు మాటొస్తది. మామను పిలుస్త."

వైకుంఠం మామ వచ్చాడు. గోడను చూశాడు, మమ్మల్ని చూశాడు.

"గోడ గట్టుడెందుకు, బొక్క వొడుసుడెందుకు? పనీ పాటా లేదార మీకు?"

"పాట కోసమే మామా" అన్నాడు పెంటయ్య.

మామ తల గోక్కున్నాడు. "సరే. ధర్మంగ చెయ్యుండ్రి. ఎవని దిక్కుకెల్లి వాడు సగం సగం వొడువుండ్రి."

వాడు అటునుంచి, నేను ఇటునుంచి. ఇటుక మీద సుత్తి పడుతుంటే కార్ఖానాలో ఉన్నట్టే ఉంది. నా సగం అయిపోయింది. వైరు దూర్చాను. పోలేదు. వాడి సగమూ అయిపోయింది. వాడూ ఒక పుల్ల దూర్చాడు. రాలేదు. నాది ఇక్కడ, వాడిది ఒక జానెడు పైన.

"నువ్వు కిందికి వొడిచినవ్!" అని గోడ అవతల నుంచి అరిచాడు.

"నువ్వు మీదికి."

"నాది సక్కగనే ఉన్నది!"

"ఇద్దరిది సక్కగనే ఉన్నది" అన్నాడు మామ, నా మంచం మీద టీ తాగుతూ. "గోడనే వంకర."

వాడి రంధ్రం దగ్గర నేనే పూర్తిగా పొడిచాను. ధర్మం మాట ఎవరూ ఎత్తలేదు. నా గోడకు ఇప్పుడు పనికివచ్చే రంధ్రం ఒకటి, పనికిరానిది ఒకటి.

వైర్లు అటు పంపాను. వీధి చుట్టూ పోయి తగిలించాను. తిరిగి వచ్చి రికార్డు పెట్టి, ముల్లు దించి, మళ్లీ గడప దిగాను. పరుగెత్తే వయసు కాదు. నేను పోయేసరికి హార్మోనియం ముగిసి పాట మొదలైంది.

గదిలో పెంటయ్య చాప వేసుకొని కూర్చున్నాడు. తెలిసి కాదు, ఫ్యాను గాలి అక్కడికి వస్తుందని. సరిగ్గా నడుమ.

"రా అన్నా, కూసో. గీ లొల్లంత దీనికేనా? మా టేప్ రికార్డర్ల గిదే పాట ఉన్నది. మొన్న మా దుకాణంల ఒకాయన..."

ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. వాణ్ణి అట్లా నేను ఎప్పుడూ చూడలేదు. కొంచెం పక్కకు వంగాడు. మళ్లీ సరిగ్గా కూర్చున్నాడు. లీలమ్మ టీ పట్టుకొని వచ్చి గిన్నె చప్పుడు చేసింది.

"ష్! సప్పుడు చెయ్యకే."

"ఏమైంది?"

"ఆయన పాడుతుండు."

"ఎవరు?"

వాడు ముందున్న ఖాళీ చోటు చూస్తున్నాడు. నేను ఇన్నేళ్లుగా చెప్పలేని మాట వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. సంతోషపడాలి. రెండూ ఒక్క చోట ఉన్నాయి, పాడుతున్నాయి. నేను మాత్రం నిలబడి ఉన్నాను.

"జరుగు" అన్నాను.

"ఆగన్నా. గీ పాట అయిపోనీ."

పాట అయిపోయింది. ఇంకో పాట వచ్చింది. వాడు కదలలేదు. ఆ వైపు అంతా అయిపోయి ముల్లు ఊరికే గీరడం మొదలైంది. రికార్డు తిప్పాలి.

"రాజమణీ!" అని రంధ్రంలోకి పిలిచాను. "రికార్డు తిప్పి వెట్టు."

"నాకేం ఇనవడుతున్నదని తిప్పాలె?" అంది రంధ్రం. "ఇనెటోళ్లే తిప్పుకోండ్రి."

"నువ్వు వొయ్యి రారాదు?" అన్నాను పెంటయ్యతో.

"మిషను నీది గదన్నా. నాకు రాదు. ముల్లు ఇరిగితె మళ్ల వదినె తోటి మాటలు."

గడప దిగి, వీధిలో నడిచి, నా గడప ఎక్కి రికార్డు తిప్పాను. మళ్లీ గడప దిగి, వీధిలో నడిచి, వాడి గడప ఎక్కాను. వాడు చాప మీద ఇంకొంచెం సర్దుకొని, కాళ్లు చాపి, కళ్లు మూసుకొని ఉన్నాడు.

"పెంటయ్యా, జరుగు."

"ఊ" అన్నాడు. జరగలేదు.

"నేను రోజు రావాల్నా? రెండు నాకే ఇయ్యి. గంగాళం తీస్కో. మంచం గూడ తీస్కో."

కళ్లు తెరవకుండానే నవ్వాడు. "ఇప్పుడు ఎట్లిస్తనన్నా?"

లీలమ్మ నాకు టీ ఇచ్చి, తలుపు పక్కన చోటు చూపించింది. కుడి స్పీకరుకు ఆనుకొని కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే చప్పట్లు తప్ప ఇంకేమీ వినబడవు.